వెచ్చటి గుడ్డ

పంజాగుట్టలోని ఆ ఆసుపత్రి మందుల కౌంటరులో తారక్ తాళం వేసిన అరలోంచి పట్టీ తీశాడు. క్యాన్సర్ నొప్పికి ఒంటికి అతికించే పట్టీ అది. వేలెడంత కూడా లేదు.

"రాజనర్సయ్య గారూ, ఇది మత్తుమందుల చట్టం కింద వచ్చే మందు. ప్రతిసారీ కొత్త చీటీ, మీ ఆధార్ కావాలి. వాడినది పారెయ్యకండి, మడిచి నాకే తెచ్చివ్వండి. ఒక్కటి తగ్గినా నా ఉద్యోగం పోతుంది."

రాజనర్సయ్య తలూపాడు. సిరిసిల్ల నుంచి వచ్చి అమీర్‌పేట గల్లీలో బట్టలు కుట్టుకునే మనిషి, మాట తక్కువ. వెనక వరుస పెద్దది. తారక్ ఇంకేదో చెప్పబోయి తరువాతి చీటీ అందుకున్నాడు.

ఇంట్లో అతని భార్య సీతాబాయి నవ్వింది. "గింత పట్టీకి గంత బందోబస్తా? మన లగ్గానికి సుత మావోళ్లు నీ గురించి గిన్ని అడగలే."

"జర సక్కగ కూసో," అంటూ ఆమె వీపుకు అతికించాడు.

ఆ పట్టీతో ఆమె లేచి కూర్చుని అన్నం తినేది, చొక్కాలకు కాజాలు కుట్టేది.

బల్కంపేటలో బోనాల రోజు ముసురు పట్టింది. పట్టీ ఉండగానే వీపు మళ్లీ గుంజింది. ఇంకొకటి కావాలంటే చీటీ ఉండాలి. అది రాసే డాక్టరు సోమవారం గాని రాడు.

"కాపడం పెట్టయ్యా, మా అవ్వ పెట్టినట్టు."

సిరిసిల్లలో మగ్గం మీద వీపులు పట్టేస్తే వాళ్లిళ్లల్లో అదే మందు. రాజనర్సయ్య ఇస్త్రీపెట్టెతో నూలుగుడ్డ వేడి చేశాడు. ముందు తన చెంపకు ఆనించి చూసుకుని, పట్టీ మీదుగా పరిచాడు. చల్లారినకొద్దీ మార్చాడు.

"హాయిగుంది," అంది. కళ్లు మూతలు పడ్డాయి. డప్పులు దూరమయ్యేసరికి గురక ఆగింది. గాఢనిద్ర అనుకుని అతను మరో గుడ్డ వేడి చేశాడు.

దినాలయ్యాక కౌంటరు దగ్గరికి వచ్చి, మడిచిన పట్టీ ఇచ్చాడు.

"స్నానం పోసే ముందు తీసి దాచిన, బాబూ. నీ నౌకరి పోతదంటివి గద."

"అయ్యో... ఎలా జరిగింది?"

"నిద్రలనే. కాపడం పెడితే మంచిగ పండుకుంది."

తారక్ చెయ్యి ఆగింది. "పట్టీ మీదేనా?"

"నొప్పి ఆడనే గదా."

తారక్ పట్టీ తీసుకుని అరలో పెట్టి తాళం వేశాడు.

బయట వాన. రాజనర్సయ్య గుమ్మంలో గొడుగు విప్పుతున్నాడు. వెనక, తర్వాత వచ్చినావిడకు తారక్ గొంతు తగ్గించి చెబుతున్నాడు.

"దీనిమీద వేడి తగలకూడదమ్మా. కాపడం అసలు పెట్టొద్దు. మందు ఒక్కసారే ఒంట్లోకి దిగి ఊపిరి ఆగిపోతుంది."

గొడుగు సగంలో ఆగింది. రాజనర్సయ్య అరచేతిని మెల్లగా చెంపకు ఆనించుకున్నాడు.