సంగవ్వ కోసం పరిచిన నేల

కోడలు శుభాంగి చెంబు నిండా నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టేది. ఆమె అటు తిరగగానే సంగవ్వ రెండు గుటకలు మింగి, మిగతావి కిటికీలోంచి కనకాంబరం మొక్కకు పోసేసేది. "తాగిన బిడ్డా" అనేది. మహారాష్ట్రలోని నాందేడ్‌ను ఎండలు మాడ్చేస్తున్న రోజులవి. మొక్క మాత్రం పచ్చగా ఉంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

అది ఆమె కొడుకు మాణిక్ కొత్తగా కట్టుకున్న ఇల్లు. మాణిక్ టైల్స్ మేస్త్రీ. కర్ఖేలి ఊళ్ళో ఇతరుల చేలల్లో కూలి చేసుకుని బతికిన కుటుంబం. తల్లి జన్మంతా మట్టి నేల అలికి అలికి నడుం వంచుకుంది. అందుకే తన ఇంట్లో ఆమె కాలికి మట్టి అంటకూడదని పంతం పట్టాడు. గదులకే కాదు, బాత్రూంకూ మరుగుదొడ్డికీ కూడా ముఖం కనబడేంత నున్నటి టైల్సే వేశాడు. వాన నీళ్ళు రాకుండా ఇంటిని మూడడుగులు ఎత్తి, వాకిట్లో నిటారు మెట్లు కట్టాడు. ప్రేమకేం లోటు లేదు. లోటల్లా ఆ ప్రేమ ఆమె మోకాళ్ళ సంగతి పట్టించుకోకపోవడమే.

నేల పరిచేటప్పుడు సంగవ్వ ఒక మాట అడిగింది.

"మాణిక్యా, బాత్రూంల గరుకు బండెయ్యి బిడ్డా. గోడకు పట్టుకొనీకి ఒక పైపు పెట్టు."

మాణిక్ నవ్వేశాడు. "ఏందవ్వా! ఊరందరికి అద్దాలు పరిచేటోని ఇంట్ల గరుకు బండనా? నలుగురు నవ్వుతరు. పైపు పెడితె ఇల్లు దవాఖాన లెక్క కనబడ్తది."

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇంట్లో చేరిన నెలకే తడి నేల మీద ఆమె కాలు జారింది. అదృష్టం బాగుండి తలుపు గొళ్ళెం చేతికి దొరికింది, పడలేదు. కొడుకు పనికి వంక పెట్టినట్టవుతుందని ఎవరికీ చెప్పలేదు. తనకు తోచిన ఉపాయం తాను చేసుకుంది. నీళ్ళు తాగడం తగ్గించింది. తాగకపోతే లేవాల్సిన పని లేదు, లేవకపోతే జారే భయం లేదు.

ఎండలు ముదిరాక చలిజ్వరం పట్టుకుంది. మాట తడబడింది. దవాఖానలో చేర్చారు. డాక్టరమ్మ తెలంగాణ సరిహద్దులోని బిలోలి వైపు అమ్మాయి, తెలుగు వచ్చు. మాణిక్ మందులు తెచ్చి తెర ఇవతల నిలబడ్డాడు. లోపలి మాటలు వినిపించాయి.

"అవ్వా, నీళ్ళెందుకు తాగుతలేవు?"

"తాగితె లేవాలె గద బిడ్డా. ఆ నేల మీద నా కాలు నిలుస్తలేదు."

"మరి కొడుకుతోని చెప్పకపోయినవా?"

"మనసుపెట్టి ఏసిండమ్మా. నా కోసమే ఏసిండు. నువ్వు గూడ చెప్పకు."

డాక్టరమ్మ బయటికొచ్చి, నీళ్ళు చాలక మూత్రంలో చీము పట్టి కిడ్నీల దాకా పోయిందనీ, ఈ వయసులో కష్టమేననీ చెప్పింది.

మాణిక్ ఆ మధ్యాహ్నమే ఇంటికి పోయి సుత్తి, ఉలి పట్టాడు. తన చేతులతో అతికిన టైల్స్ తనే పగలగొట్టాడు. గరుకు బండలు పరిచాడు. గోడలకు స్టీలు పైపులు బిగించాడు. మరుగుదొడ్డిలో కూర్చునే కమోడ్ పెట్టాడు. బయట మెట్ల పక్కనా పైపు నిలబెట్టాడు. మూడు రోజులు పట్టింది. అన్నీ అయ్యాక కళ్ళు మూసుకుని, తల్లిలాగా చిన్న చిన్న అడుగులు వేసి చూసుకున్నాడు. ఇక భయం లేదవ్వా అని చెప్పడానికి దవాఖానకు పరుగెత్తాడు.

వరండాలో శుభాంగి ఎదురొచ్చి ఘొల్లుమంది. సంగవ్వ కన్నుమూసి అరగంటయింది.

బయట పోయిన ప్రాణాన్ని గడప దాటించకూడదని పెద్దలన్నారు. ఆమెను వాకిట్లోనే పడుకోబెట్టి, అటునుంచి అటే తీసుకుపోయారు. కొడుకు మూడు రోజులు చేసినదేదీ ఆమె చూడనే లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

సంగవ్వ పోయిన మూడో రోజు కర్ఖేలి నుంచి ఆమె తమ్ముడు రామచందర్ మళ్ళీ వచ్చాడు. ఆయనకూ డెబ్బై దాటాయి. మెట్ల దగ్గర ఆగి, పైపును తడిమి చూసి, దాన్ని పట్టుకుని ఒక్కొక్క మెట్టే ఎక్కాడు.

"మంచిగ పెట్టినవ్ అల్లుడా. మా ఇంట్ల గిట్లాంటిది పెట్టుమని కొడుకును అడిగిన. జూద్దాం అన్నడు. మల్ల అడగలే."

"ఎందుకడగలే మామా?" అన్నాడు మాణిక్.

"ముసలోళ్ళం ఒక్కసారే అడుగుతం బిడ్డా. రెండోసారి అడిగితె బరువైతమని భయం."

మాణిక్ ఆ పైపు పట్టుకుని మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. తల్లి పోయిన దుఃఖంతోనే ఏడుస్తున్నాడనుకుని రామచందర్ అతని వీపు నిమిరాడు.

ఇల్లు కట్టుకునే అయ్యలారా, అమ్మలారా! మీ ఇంటి పెద్దవాళ్ళు కూడా ఆ ఒక్క మాట ఎప్పుడో అనే ఉంటారు. దాన్ని గుర్తు తెచ్చుకుని ఈ రోజే ఆ పని చేయండి. వాళ్ళు రెండోసారి అడగరు.