కంటిబోర్డు పాఠం

అండాశయం క్యాన్సర్‌కి పాత మందులన్నీ చేతులెత్తేశాక అక్కకి ఈ కొత్త మందు మొదలుపెట్టారు. క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీకి విషం తగిలించి ఒంట్లోకి వదులుతారట. గడ్డ సగానికి సగం తగ్గింది. ఏ మందైనా ఊరికే మేలు చేస్తుందా? ఇది కళ్ళకి మసక తెచ్చింది. అందుకే ప్రతి డోసుకీ ముందు గోడ మీద బోర్డులోని అక్షరాలు చదివించి కంటి పరీక్ష చేస్తారు. చూపు బాగా తగ్గితే ఆ రోజు డోసు ఇవ్వరు.

ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి అక్క చెల్లెలి ప్రాణం తోడేసింది. "డోసు ఆగితే గడ్డ మళ్ళీ పెరుగుతుందే. ఆ బోర్డు నాకు నేర్పు."

చెల్లెలు బడిలో పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించే టీచరు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కాదని వాదించే ఓపిక కూడా లేదామెకి. బోర్డుని ఫోనులో ఫోటో తీసుకొచ్చి, అక్క కళ్ళలో చుక్కలు వేస్తూ, దుప్పట్లు మడతపెడుతూ వరసలన్నీ నేర్పింది. పోయినసారి అక్క తు.చ. తప్పకుండా అప్పజెప్పేసింది. సిగ్గులేకుండా చెల్లెలికి గర్వం కూడా కలిగింది.

ఈసారి పరీక్ష చేసే అమ్మాయి అక్క ఎడమ కన్ను మూసి, గోడ వైపు వెళ్ళింది. అక్క అందుకుంది. పై వరస నుంచి చీమ తలకాయంత అక్షరాల దాకా గుక్క తిప్పుకోకుండా చదివేసింది.

"అమ్మా, నేనింకా బోర్డు లైటే వెయ్యలేదు" అంది ఆ అమ్మాయి.

చెల్లెలికి నవ్వొచ్చి గొంతులోనే ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆమె వైపు తిరిగింది. "మీరు చెప్పండి మేడమ్. ఇంట్లో ఈవిడకి సరిగ్గా కనిపిస్తోందా?"

"చెప్పవే! బాగానే కనిపిస్తోందని చెప్పవే తల్లీ" అని బతిమాలింది అక్క, తలుపు పక్కన కొక్కేనికి వేలాడుతున్న కోటు వైపు చూస్తూ.

చెల్లెలు కూర్చున్నది రెండో పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో.

"కనిపించడం లేదండీ. బోర్డు నేనే నేర్పాను."

డోసు ఆపేశారు. బయట బెంచీ మీద అక్క ముఖం తిప్పుకుంది.

"కళ్ళు తేరుకున్నాక మళ్ళీ ఇస్తారటక్కా, కాస్త తగ్గించి."

"అప్పటిదాకా గడ్డ ఆగుతుందా?"

ఇద్దరికీ ఏడవడానికి కూడా ఓపిక లేదు. కాసేపటికి లేచి నడిచారు. వరండా చివర అక్క ఆగిపోయింది. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"ఇక్కడ మెట్లున్నాయా?"