నీళ్లు పడొద్దనుకున్న బోరు

జొన్నపిండి తడుపుతుంటే మా ఆయన అరుగు మీంచి కేకేశాడు. "ఇంకో నాలుగు రొట్టెలు ఎక్కువ చెయ్యి, సారు గూడ తింటడట." అప్పటికే ఎనిమిది మందికి చేస్తున్నాను. మా చేనులో బోరు వేయడానికొచ్చిన సర్కారు మనుషులు నెల రోజులుగా మా ఇంట్లోనే తింటున్నారు. మా ఆయన పురుషోత్తమే పిలిచాడు. "ఊరికచ్చినోళ్లకు బువ్వ పెట్టకుంటే ఇజ్జత్ పోతది" అన్నాడు. ఇజ్జత్ ఆయనది, పొయ్యి నాది. వాళ్లు తిని లేచాక మిగిలిన పొద్దంతా బీడీలు చుట్టే చాట ముందేసుకుని కూర్చోవాలి.

మా చేను అంటున్నాను గానీ, ఆ రెండెకరాలు నావి. మా అమ్మ పసుపు కుంకుమ కింద నా పేరున పట్టా చేయించింది. ఇది ఎనభై ఏడు ఎండాకాలం, ఎల్లారెడ్డి చుట్టుపక్కల బావులన్నీ అడుగంటిపోయాయి. బోరు అనగానే నేను నీళ్లనే అనుకున్నాను. ఈ రాతినేలలో బోరంటే ఇంకేముంటుంది? మొదటిరోజు తలస్నానం చేసి వెళ్లి, మిషనుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. గంగమ్మ తల్లీ, పైకి రావే అని మొక్కాను. పనివాళ్లు మొహాలు చూసుకున్నారు. మా ఆయన అక్కడే ఉన్నాడు. కొబ్బరిముక్క నములుతూ ఒక్క మాట చెప్పలేదు.

ఈ రోజు వడ్డిస్తూ, హైదరాబాదు నుంచి వచ్చిన స్వామిదాసు సారును నేనే అడిగాను. "ఇన్ని దినాలాయె, ఇంక నీళ్లు పడలేదా సార్?"

"నీళ్లు పడకపోతేనే మంచిదమ్మా" అన్నాడాయన. పాపం, దాపరికం తెలియని మనిషి. అణుకరెంటు తయారుచేసే చోట విషం మిగులుతుందట, అది వేల ఏండ్లు చావదట. దాన్ని ఉక్కు డబ్బాల్లో పెట్టి, లోతైన బోర్లలోకి దించి, మూసేయాలని ఆలోచనట. మాది పరీక్ష బోరు. ఇక్కడి రాయి గట్టిదైతే ఇంకా లోతుగా మరొకటి వేస్తారు. "మంచి రాయి ఎంత విషాన్నైనా కడుపులో పెట్టుకుంటుందమ్మా" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. కడుపు పోయిన మూడోరోజే కలుపుకు పంపినప్పుడు మా అత్త రాములవ్వ అన్నది అదే. పప్పులో ఉప్పు తగ్గిందని ఎనిమిది మంది ముందు ఆయన కంచం విసిరేసినప్పుడూ అదే అన్నది. "మొగోడన్నంక గట్లనే ఉంటడు. కడుపుల వెట్టుకోవాలె బిడ్డా." పెట్టుకున్నాను. ఊళ్లో ఎవరికీ అక్కర్లేనిదంతా ఆడదాని కడుపులోనో, ఆడదాని చేనులోనో దించి మూతపెడతారు. తర్వాత దానిమీదే కూర్చుని రొట్టెలు అడుగుతారు.

"నీకు ఎరుకేనా?" అని మా ఆయన్ని అడిగాను.

"ఎరుకనే. నీకు జెప్పి ఏం జెయ్యాలె? బోరు కాడ నాకు కావలి నౌకరి ఇస్తమన్నరు."

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. కాకపోతే అల్లుడికి నౌకరీ కూడా వస్తోంది.

సారు చేయి కడుక్కుని కాగితం తీశాడు. రెండో బోరుకు పట్టాదారు ఒప్పుకోవాలన్నాడు. మా ఆయన ఇంకు డబ్బా తెరిచి, పిండి అంటిన నా బొటనవేలు పట్టుకున్నాడు. "ఏలుముద్ర వెయ్యి, సారుకు బస్సు పోతది." గడపలోంచి అత్త కూడా "వెయ్యి బిడ్డా" అంది.

నేను సారు వైపు తిరిగాను. "రాయి పగిలి ఉంటే ఏం జేస్తరు సార్?"

"పగుళ్లుంటే పనికిరాదమ్మా. అదే రాసుకుని, సామాను సర్దుకుని వెళ్లిపోతాం."

వేలు విడిపించుకున్నాను. ఇంకు డబ్బాకు మూతపెట్టి ఆయన చేతిలో పెట్టాను.

"అయితే రాసుకోండ్రి సార్, పగిలిందని."