ఒక శాతం తక్కువ

లాండ్రీ లోపల మిషన్లన్నీ హోరుమని తిరుగుతుంటే, బయట గోడకున్న నీళ్ల మీటరు ముల్లు వెనక్కి తిరుగుతోంది.

మీటరమ్మ కళ్లజోడు తీసి, రుమాలుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. ముల్లు మాట మార్చలేదు. ఆమె మోకాలు నేలకానించి వంగి, మీటరు పొట్ట మీద వేలితో తడిమింది. ఇత్తడిలో పోత పోసిన బాణం గుర్తు నీళ్లు వెళ్లే వైపు, అంటే లాండ్రీ వైపు చూడాలి. అది వీధి వైపు చూస్తోంది. ఎవరో మీటరు ఊడదీసి, వెనక ముందు చేసి బిగించారు. ఇప్పుడు లాండ్రీ ఎన్ని నీళ్లు వాడితే లెక్క అంత తగ్గుతుంది. లాండ్రీ రోజువారీ వాడకం లెక్కన, గత నెలాఖరు నుంచి ఈ పొద్దుటికి ఎనభై అయిదు యూనిట్లు కదలాలి. ముప్ఫై అయిదే కదిలింది.

సీసపు సీలు మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద ముద్ర నిన్న వేసినంత స్పష్టంగా ఉంది. ఆ ముద్ర వేసే ప్లయరు మొత్తం పేటకి ఒక్కటే. అది ఆమె భుజానికి వేలాడే సంచిలో ఉంది.

"ఎక్కడ పెట్టాలి వదినా? తొందరగా చెప్పు, పొయ్యిలో రొట్టెలున్నాయి." పక్కనున్న బేకరీ ఆవిడ మోచేతుల దాకా పిండితో పరుగున వచ్చి, పుస్తకం మీద సంతకానికి వంగింది. ప్రతి మీటరు దగ్గరా పక్క వ్యాపారం మనిషి సాక్షిగా నిలబడి సంతకం పెట్టాలన్నది నియమం.

"ముందు అంకె చూడు."

"నువ్వు చూశావుగా. నీ కళ్లకంటే నా కళ్లు గొప్పవా? మూడేళ్లుగా చూడకుండానే పెడుతున్నా. ఏనాడైనా తేడా వచ్చిందా?"

కలం అప్పటికే కాగితాన్ని ఆనింది. ఒక్క గీత పడితే చాలు. ముప్ఫై అయిదు నిజమైపోతుంది, అడిగేవాడుండడు. మీటరమ్మ ఆ పిండి చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇవ్వాళ చూడు వదినా."

బేకరీ ఆవిడ చూసింది. నోరు తెరుచుకుంది. "ఇదేంటి, దెయ్యం పట్టినట్టు వెనక్కి నడుస్తోంది?"

"మీటరు తిప్పి పెట్టారు."

"లాండ్రీ అన్నయ్యేనా? చూడ్డానికి పిల్లిలా ఉంటాడు!" అని వెంటనే గొంతు తగ్గించింది. "ఇదిగో, నాకేం కనిపించలేదు, నీకూ కనిపించలేదు. ఇవ్వాళ వచ్చేది డబ్బిచ్చేవాళ్లు. ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్లకి కారే చూరు చూపిస్తామా?"

"ఆ చూరు కింద పడుకోవాల్సింది మనమే కదా. చూసింది రాసి సంతకం పెట్టు."

బేకరీ ఆవిడ గొణుక్కుంటూ రాసింది. ఆమె అటు వెళ్లాక మీటరమ్మ మళ్లీ వంగింది, ఈసారి మీటరుకి రెండు వైపులా ఉన్న మరల మీదికి. ఈ కాలపు కుర్రకారు నీళ్లు కారకుండా పైపు మరకి తెల్ల టేపు చుడతారు. ఇక్కడ నార చుట్టి ఉంది. నార మీద ఎర్రరంగు పూసి, పొంగిన అంచుని బొటనవేలితో గుండ్రంగా, నున్నగా తుడిచారు. గోరు దిగేసి చూసింది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఈ పేటలో నార చుట్టే మనిషి ఒక్కడే మిగిలాడు. ఆరు రోజుల కిందట ఆ మనిషి బొటనవేలి గోరు కింద ఎర్రరంగు చూసి, ఏమిటని అడిగింది కూడా. ఎదురింటివాళ్ల కిటికీకి రంగేశానన్నాడు. కంచంలో కూర వడ్డిస్తూ ఆమె నమ్మింది. సంచి ఇంట్లో తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. ఆ రోజు లాండ్రీకి సెలవు. ఆమె మధ్యాహ్నమంతా నిద్రపోయింది.

ఆమె లేచి, మోకాలికంటిన మట్టి దులుపుకుని, పుస్తకంలో రెండు అంకెలు వేసింది. మీటరు చెప్పింది ముప్ఫై అయిదు. జరిగి ఉండాల్సింది ఎనభై అయిదు. ఇంకా ఇరవై ఆరు గేట్లున్నాయి. నడక మొదలుపెట్టింది.

ఆఫీసు బోర్డు మీద దాని పూర్తి పేరు 'ప్రాంతీయ వ్యాపార సుస్థిర భాగస్వామ్యం'. అంత పేరు నోరు తిరగక పేట జనం 'పొత్తు' అంటారు. లాండ్రీ, బేకరీ, రంగుల అద్దకం, ఐసు ఫ్యాక్టరీ, ప్రెస్సు, సబ్బుల షెడ్డు, అన్నీ కలిపి ముప్ఫై ఒక్క వ్యాపారాలు. ఒకే కాలువ పక్కన, ఒకే బోరు నీళ్ల మీద బతుకుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ ఉండేవి. బోరు ఎండిపోయే కాలం దగ్గరపడ్డాక బుద్ధొచ్చి కలిశాయి. ఐసు ఫ్యాక్టరీ వదిలే చల్లనీళ్లు ఇప్పుడు ప్రెస్సు మిషన్లని చల్లబరుస్తున్నాయి. లాండ్రీ చివరి జాడింపు నీళ్లు అద్దకంవాళ్ల మొదటి తొట్టిలోకి పోతున్నాయి. ఇదంతా ఒక ఫౌండేషన్ ఇచ్చిన మూడేళ్ల నిధితో నడిచింది. ఇంకో మూడేళ్లు ఇవ్వాలంటే ఒకటే షరతు: చివరి మూడు నెలల నీళ్ల వాడకం, పొత్తుకి ముందునాటి కంటే ఇరవై శాతం తగ్గాలి. నెలాఖరుకి రావలసిన పరిశీలకురాలు పది రోజులు ముందే వస్తోందని పొద్దున ఏడింటికి కన్వీనరు ఫోను. "మధ్యాహ్నం మూడింటికల్లా అన్ని అంకెలూ బోర్డు మీద ఉండాలమ్మా. నీదే భారం."

భారం ఆమెకి కొత్త కాదు. ఇరవై రెండేళ్లు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో మూతలు మడిచింది. అది మూతపడ్డ ఏడాది ఇళ్లల్లో గిన్నెలు తోమింది. నలభై ఆరో ఏట మీటరు చదవడం నేర్చుకుంది. నేర్పింది పొత్తు మీటర్లు ముప్ఫై ఒక్కటీ బిగించిన పైపుల మేస్త్రీ, అంటే ఆమె మొగుడే. "నల్లంకెలు చదువు, ఎర్రంకెలు చిల్లర, వదిలెయ్. మనుషుల్లో కూడా అంతే," అనేవాడు. మేస్త్రీ రెండేళ్ల కిందట ట్యాంకు నిచ్చెన మీంచి పడ్డాడు. తుంటి అతుక్కుంది గాని మనిషి మళ్లీ నిచ్చెన ఎక్కలేదు. అప్పట్నుంచి ఇల్లు ఈ సంచి మీదే నడుస్తోంది.

సబ్బుల షెడ్డు దగ్గర కుక్క ఆమెని చూసి తోక ఊపింది. ఐసు ఫ్యాక్టరీ కాపలాదారు ఎప్పటిలాగే, "మీటరమ్మా, నా వయసు కూడా కాస్త వెనక్కి తిప్పిపెట్టు," అన్నాడు. ఆమె వచ్చినప్పుడల్లా వేసే జోకే. ఆమె నవ్వి, అంకె రాసుకుని, పక్క షెడ్డు మనిషికి చూపించి మరీ సంతకం పెట్టించుకుంది. ప్రతి గేటు దగ్గరా అంతే. "ఏంటమ్మా ఇవ్వాళ కొత్తగా?" అని విసుక్కున్నవాళ్లకి జవాబివ్వలేదు. వేలు పెట్టి అంకె చూపించింది.

ఒంటిగంటకి ఇంటికెళ్లింది. ఆయన కంచాలు పెట్టి కూర్చున్నాడు.

"ఇంత పొద్దెక్కిందేంటి?"

"రీడింగులు."

"నెలాఖరుకి కదా?"

"ఇవ్వాళే. మూడింటికి పరిశీలకురాలొస్తోంది."

ఆయన ముద్ద నోటి దగ్గర ఆగింది. ఆమె చారు పోసుకుంది. గిన్నె మూత పెట్టింది. అప్పుడంది, చాలా మామూలుగా, "లాండ్రీ మీటరు తిరగబడి ఉంది."

ఆయన ముద్ద కంచంలో దించాడు. "ఏం చెప్తావు మరి?"

"ఉన్నది చెప్తా."

"ఎవరని అడిగితే?"

"ప్లయరు నా సంచిలోది. నేను జవాబు చెప్తా." నీళ్లు తాగి లేచింది. "మీరు తినండి. చల్లారిపోతోంది."

నడుస్తూ నడుస్తూ ఒక్కసారి మాత్రం గోడ పట్టుకుని ఆగింది. ఎవరైనా అడిగితే ఊపిరాడలేదని చెప్పేదే. ఎవరూ అడగలేదు.

ప్రెస్సు వెనక హాల్లో ముప్ఫై మందికి పైగా ఉన్నారు, సిరా వాసన మధ్య ఇనప కుర్చీల్లో. కన్వీనరు, ఆ ప్రెస్సు యజమానే, మీటర్లు చూపిన అంకెలన్నీ కూడి, సుద్దముక్కతో బోర్డు మీద 'ఇరవై' అని రాసి చుట్టూ సున్నా చుట్టాడు. చప్పట్లు మోగాయి. పరిశీలకురాలు, ముప్ఫై ఏళ్లు కూడా లేని పిల్ల, నవ్వుతూ కాగితం మీద రాసుకోబోయింది.

"అది పంతొమ్మిది," అంది మీటరమ్మ.

ఆమె ముందుకెళ్లి, ఇరవై కొట్టేసి, పంతొమ్మిది రాసింది. ఆమె చేతిరాత బోర్డు మీద చిన్నదిగా, వంకరగా ఉంది. "లాండ్రీ మీటరు వెనక ముందు బిగించారు. యాభై యూనిట్లు దాక్కున్నాయి. అవి కలిపితే ఒక శాతం పోతుంది."

లాండ్రీ ఆయన కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "అంటే నేను దొంగనా? సీలుంది కదమ్మా! సీలు నీ దగ్గర, ప్లయరు నీ దగ్గర, నింద నా మీదా?"

"మీ మీద నింద లేదన్నయ్యా. మీరు చెయ్యలేదు."

"మరెవరు?"

"సీలు నాది. బాధ్యత నాది."

బేకరీ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్వీనరు సుద్దముక్కని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. పరిశీలకురాలు మెల్లగా అంది: "ఒక శాతమే. నాకూ బాధగానే ఉంది. కానీ షరతు ఇరవై. నేను మార్చలేను." పెన్ను మూత పెట్టింది.

అప్పుడు మొదలైంది గోల. ఐసు ఫ్యాక్టరీవాళ్లు పొత్తు మూసేద్దామన్నారు. అద్దకం ముసలాయన, ఎప్పుడూ నిద్రపోతున్నట్టుండే మనిషి, కర్రతో నేల మీద కొట్టాడు. "మూసేసి? మళ్లీ ఆ ఒక్క బోరు నీళ్ల కోసం ఒకడి గొంతు ఒకడు పట్టుకుందామా? పంతొమ్మిది తగ్గింది చాలదూ? ఆ పంతొమ్మిదీ నా తొట్టిలో ఉంది, నేను రోజూ చూస్తున్నా."

"ఖర్చెవడు పెడతాడు మామా?"

"మనమే. ఎవరు ఎన్ని నీళ్లు వాడితే అంత చందా. మీటర్లున్నాయి కదా మరి, బొమ్మలనుకున్నావా?"

"అయితే ఎక్కువ నాకే పడుతుంది," అన్నాడు లాండ్రీ ఆయన. ఒక్క క్షణం ఆలోచించి, "పడనీ. ఆ మీటరు మాత్రం ఈ సాయంత్రమే సరిగ్గా పెట్టండి. వెనక్కి నడిచే అంకెతో నాకు పరువు తక్కువ," అన్నాడు. ఎవరో నవ్వారు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. ఐసు ఫ్యాక్టరీవి అందరికంటే చివర లేచాయి.

"మీటరమ్మా, నీ జీతం సగమే ఇవ్వగలమేమో. ఉంటావా?" అడిగాడు కన్వీనరు.

ఆమె భుజాన్నుంచి సంచి తీసి, పుస్తకం, ప్లయరు పైకి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "ఉండను. సీలు కాపాడుకోలేని మనిషి సీలు వెయ్యకూడదు. ఇది ఇంకొకరికి ఇవ్వండి. ముప్ఫై ఒక్క గేట్లూ ఎలా తిరగాలో వారం రోజులు చూపిస్తా. ఆ తర్వాత రాను." ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని తలుపు వైపు తిరిగింది.

తలుపులో ఆయన నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి తుంటి మీద, ఒక చెయ్యి ద్వారబంధం మీద. ఆ కాలితో అంత దూరం ఎలా నడిచాడో ఏమో, చొక్కా వీపంతా తడిసింది. ఆమె తల అడ్డంగా ఊపింది, వద్దని. ఆయన ఆమెని దాటుకుని బల్ల దాకా వచ్చాడు.

"కూర్చోండి, కూర్చోండి. ఎక్కువ సేపు నిలబడలేను, తొందరగా చెప్పేస్తా. ఆ మీటరు తిప్పింది నేను. దీనికి తెలీదు. ఇది పడుకున్నప్పుడు సంచిలోంచి ప్లయరు తీశా, పని చేసి మళ్లీ పెట్టా. రేపు లాండ్రీ సెలవు, రేపు తిరిగి బిగించేద్దామనుకున్నా. మీరు పది రోజులు ముందొస్తారని నేనేం కలగన్నానా తల్లీ? ఇది రోజూ కంచం ముందు కూర్చుని పంతొమ్మిది, పంతొమ్మిది అని లెక్కేసుకునేది, అన్నం చల్లారిపోయేది. ఒక్క శాతం కోసం మనిషి చిక్కిపోతుంటే, నా చేతిలో ఉన్న పని అదొక్కటే అనిపించింది. దీని జీతం కోసమేననుకోండి, కాదనను. కానీ ఇంకోటి కూడా ఉంది. ఈ ముప్ఫై ఒక్కటీ నా చేత్తో బిగించినవి. పొత్తు పోతే వాటిని పీకి పాత ఇనప సామాన్లోడికి అమ్మేస్తారని భయమేసింది. నలభై ఏళ్లలో నేను బిగించిన మర ఒక్కటి కారలేదు. తప్పుడు మర బిగించింది ఇదొక్కటే, అదీ కారలేదు, సిగ్గు లేకుండా. సాయంత్రం దాన్ని ఎవరిచేతనైనా తిప్పించండి, నేను ముట్టుకోను. ఇదిగో, నా పైపు రెంచి. పెళ్లికి ముందు కొన్నది. బల్ల మీద పెట్టి పోతున్నా, పొత్తుకే ఉంచుకోండి. పళ్లు ఇంకా పదునుగానే ఉన్నాయి. చలికి దవడ కాస్త బిగుసుకుంటుంది, అప్పుడప్పుడు రెండు చుక్కలు నూనె వెయ్యండి."