గంటాయనకు వీడ్కోలు

ఆ పార్శిల్ గోడౌన్‌లో మేనేజరు బల్ల మీద ఒక ఇత్తడి గంట ఉండేది. నెత్తిన అరచేత్తో కొడితే టింగుమనేది. మనిషి ఎదురుగా నిలబడి ఉన్నా సరే, ఆయన నోరు తెరిచి పిలిచేవాడు కాదు. ఒకసారి కొడితే మంచినీళ్ళు, రెండుసార్లు కొడితే తూకాలావిడ, మూడుసార్లు కొడితే ఎవరికో మూడిందని అర్థం. కన్నవాళ్ళు ఆయనకు పెట్టిన పేరు గోడౌన్‌లో ఎవరికీ గుర్తులేదు. గంటాయన అంటేనే తెలుస్తుంది.

అలాంటి గంటాయన రిటైరవుతున్నాడని తెలిసిన రోజు, పార్శిళ్ళ మీద అడ్రసు చీటీలు అతికించే ఒకావిడ సంతోషంతో రెండు పార్శిళ్ళకు చీటీలు తలకిందులుగా అతికించింది. ఆవిడను అందరూ ఇంగ్లీషమ్మ అంటారు. ఆ బిరుదు కూడా గంటాయన పుణ్యమే.

ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. బయలుదేరేసరికి కూతురు బడిలో ఉంటుంది, తిరిగొచ్చేసరికి నిద్రలో ఉంటుంది. మొగుడు కంపెనీ లారీ మీద ఊళ్ళు పట్టి తిరిగే మనిషి. తల్లీకూతుళ్ళ కబుర్లన్నీ పొద్దున్న జడ వేసే కాసేపట్లోనే అయిపోవాలి. అందులో సగం సేపు చిక్కు తీయడానికే సరిపోతుంది. అందుకే ముందు గదిలో రసీదులు రాసే కౌంటర్ సీటు ఖాళీ అయినప్పుడు, అది పొద్దుటి డ్యూటీ కాబట్టి, ఆమె ఆశగా వెళ్ళి అడిగింది. ఇంగ్లీషు రానివాళ్ళను కౌంటర్లో కూర్చోబెడితే కంపెనీ పరువేం కావాలన్నాడు గంటాయన. ఆయనకు ఎంత వచ్చో ఎవరు అడగాలి? ఇంగ్లీషులో ఆయన చేయగలిగింది సంతకం ఒక్కటే. మిగతా కాగితమంతా పొగమంచే.

ఆమె పంతం పట్టి, పిల్ల బడికి వెళ్ళగానే టైర్ల షాపు మేడ మీది ఇంగ్లీషు క్లాసుకు పోవడం మొదలుపెట్టింది. గోడౌన్‌లో అందరూ నవ్వి పేరు పెట్టారు. మళ్ళీ వెళ్ళి అడిగితే, సర్టిఫికెట్ రానీ చూద్దాం అన్నాడు గంటాయన. ఆయన చూద్దాం అన్న పని చూసినవాడు లేడు. గంటాయన తర్వాత ఆ కుర్చీ దక్కాల్సిన చిన్న మేనేజరు మాత్రం మెత్తని మనిషి. "ఆ కుర్చీ నాకు రానీ అమ్మా, నా మొదటి సంతకం నీ డ్యూటీ మార్పు మీదే" అని మాటిచ్చాడు. కాబట్టి ఇంగ్లీషమ్మ సాయంత్రాలన్నీ ఇప్పుడు గంటాయన వెళ్ళిపోవడం మీద ఆధారపడి ఉన్నాయి.

అదృష్టమో దురదృష్టమో, క్లాసులో ఆఖరి పరీక్ష కూడా అప్పుడే వచ్చింది. ప్రతి విద్యార్థీ ఒక గంభీరమైన ఉపన్యాసం ఇంగ్లీషులో రాసి, నిజమైన సభలో చదివి రావాలి. ఇటు వీడ్కోలు సభకు హెడ్డాఫీసు నుంచి యజమాని వస్తున్నాడు. ఆయన మన మాట అర్థం చేసుకోగలడు గానీ, ఇంగ్లీషులో చెబితే తప్ప నమ్మడు. కాబట్టి సిబ్బంది తరఫున మాట్లాడే భారం ఇంగ్లీషమ్మ నెత్తిన పడింది. ఆమెకూ కాదనాలనిపించలేదు. ఇన్నేళ్ళ కడుపుమంట చెప్పుకోవడానికి మైకు కూడా ఇస్తామంటే ఎవరు వద్దంటారు?

మొదటి చిత్తులో ఆమె ఉన్నదున్నట్టు రాసేసింది. అరుస్తాడని, సెలవు ఇవ్వడని, టీ తాగుతుంటే గడియారం చూస్తూ వెనకాల నిలబడతాడని, గంట కొట్టి కొట్టి చెవులు చిల్లులు పెట్టాడని. క్లాసు మాస్టారు ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. ఎండాకాలంలోనూ కోటు విప్పని మనిషి ఆయన.

"ఇది ఉపన్యాసం కాదమ్మా, పోలీసు కంప్లయింటు" అన్నారు.

"ఉన్నమాటే కదండీ మాస్టారూ."

"ఉన్నమాట ఇంట్లో చెప్పుకోవాలి. సభలో ఇంగ్లీషు మాట్లాడాలి. ఇంగ్లీషు సభలో చెడ్డవాడు ఉండడమ్మా. చెడ్డవాడు ఉంటాడు, సభలో ఉండడు."

అని ఎర్ర పెన్ను తీసి వంచిన తల ఎత్తకుండా దిద్దేశారు. అరుస్తాడు అన్నచోట, తన అభిప్రాయాలను మా దగ్గర ఏనాడూ దాచుకోలేదు అని వచ్చింది. సెలవివ్వని మనిషి, మమ్మల్ని ఒక్కరోజు కూడా విడిచి ఉండలేని మనిషి అయ్యాడు. టీ దగ్గర గడియారం కాస్తా మా ప్రతి నిమిషానికీ ఆయన ఇచ్చిన విలువగా మారింది. ఇక గంట సంగతికి వచ్చేసరికి మాస్టారికే ఉత్సాహం వచ్చి, ఆయన పిలుపు మా చెవుల్లో ఎన్నటికీ మోగుతూనే ఉంటుంది అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

ఇంగ్లీషమ్మ ఆ కాగితం చూసి మొదట బిక్కమొహం వేసింది. మెట్లు దిగుతుండగా నవ్వు మొదలైంది. మనం తిట్టాలి, తిట్లు తిన్నవాడే దండం పెట్టాలి. ఇంత మంచి భాష ఇన్నాళ్ళూ తనకు తెలియకుండా ఎక్కడ దాక్కుందా అనుకుంది. గోడౌన్‌కు వెళ్ళి ఒక్కో వాక్యానికీ అసలు అర్థం ఏమిటో అందరికీ విడమరిచి చెప్పింది. తూకాలావిడ నవ్వలేక తక్కెడ పట్టుకుని కూర్చుంది. ఎక్కడెక్కడ చప్పట్లు కొట్టాలో అందరూ పాఠంలా వల్లెవేశారు. పాపం, ఇంగ్లీషు మీద వాళ్ళకు అంత గురి ఎన్నడూ కలగలేదు.

ఇంట్లో అద్దం ముందు నిలబడి చదువుకుంటుంటే అత్తగారు గుమ్మంలో కూర్చుని విన్నది. ఆవిడ నోటికి గేటు లేదు. ఏమిటే ఆ గొణుగుడు అని అడిగితే, కోడలు పైకి వినబడే అర్థమంతా మన మాటల్లో చెప్పింది. అత్తగారు బుగ్గన వేలేసుకుంది.

"అంత మంచాయన్ని ఎందుకు పొమ్మంటున్నారే మరి?"

కోడలు పడీ పడీ నవ్వింది. లోపలి అర్థం వేరే ఉంది అత్తయ్యా, మీకు తెలియదులే అంది. "నాకు తెలియదు సరే, వినేవాడికి తెలుసా?" అని అత్తగారు లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ముసలివాళ్ళ మాట చద్దిమూట అంటారు గానీ, ఆకలేసినప్పుడు తప్ప మూట ఎవరు విప్పుతారు?

సభ గోడౌన్‌లోనే జరిగింది. పార్శిళ్ళను గోడవారకు నెట్టి కుర్చీలు వేశారు. యజమాని వచ్చి మధ్యలో కూర్చున్నాడు. పక్కన గంటాయన, మెడలో దండతో, పండగనాటి గుమ్మంలా ఉన్నాడు. అటు చివర చిన్న మేనేజరు కొత్త చొక్కా వేసుకుని, రేపటి నుంచి తనది కాబోయే బల్ల వైపు దొంగచూపులు చూస్తున్నాడు.

ఇంగ్లీషమ్మ చదివింది. మొదటి వాక్యం దగ్గర తడబడినా, రెండో వాక్యానికల్లా సర్దుకుంది. తన అభిప్రాయాలను ఏనాడూ దాచుకోలేదు అనగానే చప్పట్లు పిడుగులు పడ్డట్టు పడ్డాయి. టీ నిమిషాల దగ్గర లోడింగువాళ్ళు ఈలలు వేశారు. సెలవుల దగ్గర తూకాలావిడ కొంగు నోట్లో కుక్కుకుని, నవ్వు ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దూరం నుంచి చూసేవాడికి అది వెక్కిళ్ళు పెట్టి ఏడ్చినట్టే ఉంటుంది. గంట వాక్యానికి గోడౌనంతా లేచి నిలబడింది. గంటాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చప్పట్లకు భాష ఏముంది? నిజంగానే ఏడ్చేశాడు. ఆ ఏడుపు చూసి ఇంగ్లీషమ్మకు ఒక్క క్షణం జాలేసింది. ఎలాగూ పోతున్నాడు కదా అని ఆ జాలిని ఉండనిచ్చింది.

అప్పుడు యజమాని లేచాడు. తన సంస్థలో ఇన్ని శాఖలుంటే, మేనేజరు వెళ్ళిపోతున్నాడని కూలీలు కూడా కన్నీళ్ళు పెట్టుకోవడం ఎక్కడా చూడలేదన్నాడు. తర్వాత, అందరికీ అర్థం కావాలని కాబోలు, మన మాటల్లోనే అడిగాడు.

"ఇంత మంచి మనిషిని ఎందుకు పొమ్మంటున్నాం?"

 చెప్పడానికి ఎవరి దగ్గర ఏముంది? చెప్పాల్సిందంతా ఇంగ్లీషులో చెప్పేశారు కదా. గంటాయనకు ఇంకో మూడేళ్ళు పొడిగిస్తున్నట్టు యజమాని అక్కడికక్కడే ప్రకటించి కూర్చున్నాడు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరూ వల్లెవేసుకుని రాలేదు కాబట్టి, చిన్న మేనేజరు ఒక్కడే కొట్టాడు. అలవాటు ప్రకారం.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇంగ్లీషమ్మకు ఊడింది రెండూ. మర్నాడు గంట మూడుసార్లు మోగింది. లోపలికి వెళితే గంటాయన ఎన్నడూ లేనిది కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. తనను ఇంతమంది ఇంత ప్రేమిస్తున్నారని తెలియదన్నాడు. ఆమె మేలు మరచిపోనన్నాడు. ఆమె కొత్త ఆశతో గుక్క తిప్పుకోకుండా కౌంటర్ సంగతి ఎత్తింది.

"అంత ఇంగ్లీషు వచ్చిన మనిషిని కౌంటర్లో కూర్చోబెట్టి పాడుచేస్తానా తల్లీ? ఇకనుంచి నా ఉత్తరాలన్నీ నువ్వే రాయాలి. ఉత్తరాలు నేను సాయంత్రాలే చూస్తాను."

మొదటి ఉత్తరం అప్పుడే రాయమన్నాడు. పొడిగింపుకు సిబ్బంది తరఫున యజమానికి కృతజ్ఞతలు చెప్పాలట. రాసి ఇస్తే కింద తాను కూడా సంతకం పెడతానన్నాడు. చదవడని ఆమెకు తెలుసు. చదవలేడనీ తెలుసు. కాగితం ముందుకు లాక్కుని పెన్ను పట్టుకుంది. ఈయన మాకు వద్దు, మమ్మల్ని కాల్చుకు తింటున్నాడు అని నాలుగు ముక్కలు పడేస్తే చాలు.

ఆ నాలుగు ముక్కలూ రాలేదు. ఎంత వెతికినా మాస్టారి ఎర్ర పెన్ను కింద నుంచి వచ్చిన మాటలే వచ్చాయి. గౌరవనీయులైన, మా అదృష్టం, మాటల్లో చెప్పలేని, సదా రుణపడి. చెయ్యి తనది కానట్టు రాసుకుంటూ పోయింది. గంటాయన సంతకం పెట్టి, కాగితం దూరంగా పట్టుకుని మురిసిపోయి, మంచినీళ్ళ కోసం గంట కొట్టాడు. ఆమె ఇంటికెళ్ళేసరికి కూతురు నిద్రపోతోంది. పొద్దున తను వేసిన జడ ఒకవైపు ఊడి ఉంది. పక్కన కూర్చుని ఆ జడ అల్లుతూ ఇంగ్లీషమ్మ మన భాషలోనే, చప్పుడు కాకుండా, గంటాయనను మనసారా తిట్టుకుంది. ఆ తిట్లు ఎంత తేలిగ్గా వచ్చాయో.

మరునాడు పొద్దున క్లాసుకు వెళితే మాస్టారు లేచి నిలబడి మరీ సర్టిఫికెట్ ఇచ్చారు. పూర్తి మార్కులు. ఉపన్యాసం చేసిన పని అప్పటికే టైర్ల షాపు దాకా పాకింది. తన విద్యార్థి మాటకు సంస్థ యజమానే మనసు మార్చుకున్నాడని మాస్టారు కోటు జేబులు పొంగిపోయేలా చెప్పుకుంటున్నారు. ఆమె సర్టిఫికెట్ మడిచి సంచిలో పెట్టుకుంది.

"మాస్టారూ, వద్దు అని ఎలా రాయాలండీ? మాకు ఈ మనిషి వద్దు అని, పెద్దవాళ్ళకు."

మాస్టారు గోడకు అంటించిన కోర్సుల పట్టిక వైపు చూశారు.

"అది ఈ కోర్సులో లేదమ్మా. పై కోర్సులో ఉంది" అన్నారు. "చేరతానంటే రేపే చేర్చుకుంటాను. కాకపోతే ఆ క్లాసులు సాయంత్రాలు మాత్రమే."