ఆరు గంటల ఫోను

ఆ శుక్రవారం సాయంత్రం ఇంట్లో ఉన్నది నలుగురు. నమాజుకి వెళ్ళొచ్చి, ఆ పూట బేరం లేక మంచం మీద నడుం వాల్చిన అద్దెకారు డ్రైవరు నాగూర్, వంటింట్లో ఎండురొయ్యలు వేయిస్తున్న ఆయన భార్య షంషున్నీసా, గుమ్మం పక్కన గోడకానుకుని మోకాళ్ళ మీద డైరీ పెట్టుకున్న చిన్నకూతురు నజ్నీన్, అప్పుడే చెప్పులు విడిచి వసారాలో ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్న దత్తాత్రేయులు మేష్టారు. ఉండాల్సిన అయిదో మనిషి, పెద్దకూతురు షాయిస్తా, పదిరోజులుగా ఏలూరు పక్క వట్లూరులో హాస్టల్లో ఉంటోంది.

మేష్టారు కోపంగా వచ్చారు. ఆయన కోపం ఎప్పుడూ నవ్వు అంచునే ఉంటుంది గనక ఎవరూ భయపడలేదు.

"ఏవండీ నాగూర్ గారూ, నేనేమన్నా తిట్టానాండీ మిమ్మల్ని? పొద్దున్న రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ ఎత్తారు. ఉలకరు, పలకరు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని ఒకటే నవ్వు. రిటైరయ్యాక మీతో మాటాడే ఓపిక ఎవరికుందండీ అని."

నాగూర్ గబుక్కున లేచి కూర్చున్నాడు. "అయ్యో, అదేంటండీ మేష్టారూ! కార్లో ఉండి ఎత్తాను కదండీ. ఆయ్, చెప్పండి మేష్టారూ అని నాలుగుసార్లన్నాను. మీరే హలో హలో అని పెట్టేశారు."

"పెట్టెయ్యక గాలితో మాటాడమంటారా?"

"నాకు మీ మాట శుభ్రంగా వినపడిందండీ."

"మీది నాకు వినపడలేదండీ!"

నజ్నీన్ చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆ పిల్ల నోట్లో నాలుక లేని పిల్ల. పెంటపాడు దగ్గర తమ ఊరి హైస్కూల్లో పదో తరగతి. హాజరు పిలిచినప్పుడు తన పేరు వస్తే పలకమని పక్కపిల్లని మోచేత్తో పొడుస్తుంది. ఎవరికీ చెప్పలేనివన్నీ డైరీలో రాసుకుంటుంది. పదిరోజుల కిందట అందులో ఒక మాట రాసింది. 'నాన్నది రాతిగుండె' అని.

అలా రాయడానికి కారణం ఉంది. షాయిస్తా ఏలూరులో నర్సింగు చదువుతోంది. రెండేళ్ళు తాడేపల్లిగూడెం నుంచి రోజూ రైల్లో వెళ్ళొచ్చింది. మూడో ఏడు వార్డు డ్యూటీలు మొదలయ్యాక పొద్దున్న రైలు ఆలస్యమైతే గేటు దగ్గరే నిలబెట్టేస్తున్నారని, హాస్టల్లో ఉంటానని అడిగింది. నాగూర్ ఒప్పుకోలేదు. "ఊళ్ళో పిల్లలందర్నీ హాస్టళ్ళలో దింపేది నేనే. వెనక సీట్లో వాళ్ళ ఏడుపులు అద్దంలో చూసేదీ నేనే. ఇల్లుండగా నీకెందుకే ఆ బతుకు?" అన్నాడు. మాటకి మాట పెరిగింది. మర్నాడు తెల్లారకుండానే, చేపల చెరువుల బంగార్రాజు గారిని కొల్లేటి లంకలకి తీసుకెళ్ళాలంటూ కారేసుకుని వెళ్ళిపోయాడు. ఊరందరి పిల్లల్నీ కార్లో దింపే మనిషి కూతురు, ట్రంకుపెట్టె పట్టుకుని పాసింజరు ఎక్కింది.

హాస్టల్లో ఫోన్లు పగలంతా వార్డెను దగ్గరుంటాయి. సాయంత్రం ఆరింటికి చేతికిస్తారు. ఇవ్వగానే షాయిస్తా మొదట చేసేది నాన్నకే. ఆ వేళకి నాగూర్ రోజువారీ బేరమైన బంగార్రాజు గారిని దింపేసి, ఖాళీ కారుతో హైవే మీద వస్తుంటాడు. ఒకసారి ఫోను చెవి దగ్గర పెట్టుకుని నడుపుతూ పోలీసులకి దొరికినప్పటి నుంచీ, బండి నడుస్తుంటే కారు స్పీకర్లోనే మాట్లాడతాడు. బేరంలో ఎవరైనా ఎక్కి ఉంటే మాత్రం, ఇంటి గొడవలు వాళ్ళకెందుకని పక్కకి ఆపి, ఫోను చెవికి పెట్టుకుంటాడు. కాబట్టి ఈ పదిరోజుల్లో కారులోంచి ఆయన మాట్లాడింది షాయిస్తాతోనే. ఇవాళ పొద్దున్న మేష్టారితో.

షాయిస్తా పంపిన మెసేజి అమ్మ ఫోన్లో ఉంది. ఫోను వార్డెనుకి ఇచ్చేముందు, పొద్దున్నే పెట్టింది. 'నజ్జీ, నాన్న రోజూ ఎత్తుతారు, ఒక్క మాటా అనరు. నేను హలో హలో అని పెట్టేస్తున్నాను. ఇవాళ కూడా మాటాడకపోతే ఇంక చెయ్యను. సెలవులకి కూడా రాను. నాన్నకి చెప్పావంటే నా మీద ఒట్టే.'

నజ్నీన్ డైరీ మూసింది. రాయి నాన్నలో లేదు, కారులో ఉందన్నమాట. అమ్మ ఫోను తీసుకుని, 'అక్కా, కారు చెడిపోయింది, నాన్న మాటాడుతూనే ఉన్నారు' అని టైపు చేసి పంపింది. ఒక్క టిక్కే పడింది. ఆరింటిదాకా అంతే. ఆరింటికి అక్క మెసేజి చూస్తుందో, ముందు ఫోనే చేస్తుందో! చూసినా నమ్ముతుందా? 'నువ్వెప్పుడూ నాన్ననే వెనకేసుకొస్తావు' అంటుంది.

గోడ గడియారం అయిదుంపావు చూపిస్తోంది.

"నాన్నా, నేను చూడనా?" అంది.

ఇద్దరూ ఆ పిల్లవంక చూశారు. వంటింట్లోంచి షంషున్నీసా గరిటెతో సహా వచ్చింది. "నువ్వా? ఫోను మోగితే మంచం కిందకి దూరే పిల్లవి!"

"చూడనివ్వండమ్మా," అన్నారు మేష్టారు. "నా దగ్గర చదివింది. నోరు పెగలదు గానీ బుర్ర పాదరసం. నేను అవతలి మనిషిగా కూర్చుంటాను. నాకెలాగూ పనిలేదుగా, మా ఆవిడ అన్నట్టు."

కారు ఇంటిముందు వేపచెట్టు నీడలో ఉంది. ఇద్దరు యజమానులు వాడి అమ్మిన బండి. తలుపు తీయగానే బంగార్రాజు గారి చేపల మేత వాసన, దాని మీద మల్లెలాంటి అత్తరు వాసన కలిసి గుప్పుమన్నాయి. నాగూర్ డ్రైవరు సీట్లో, నజ్నీన్ పక్కసీట్లో కూర్చున్నారు. మేష్టారు, తన ఫోను ఇంట్లో ఉండిపోవడంతో, అమ్మ ఫోను పట్టుకుని వీధి చివర కిళ్ళీకొట్టు దాకా నడిచారు, దగ్గరుంటే మామూలుగానే వినపడుతుందని.

మొదట నజ్నీన్ నాన్న ఫోన్లో బ్లూటూత్ పేజీ తెరిచింది. నాన్న ఫోను కారుకి తగులుకునే ఉంది. కారు తెరలో చూస్తే, ఇదివరకటి ఫోన్లు అయిదు చేరి ఉన్నాయి. బన్నీ, బన్నీ టూ, బన్నీ న్యూ...

"ఎవరు నాన్నా ఈ బన్నీ?"

"ముందు యజమాని కొడుకమ్మా. ఆరునెలలకో ఫోను మార్చేవాడంట."

బన్నీలందరినీ తీసేసింది. నాన్న ఫోనుని కూడా కారు మర్చిపోయేలా చేసి, మళ్ళీ కొత్తగా కలిపింది. ఫోను మీద, కారు మీద ఒకే అంకె వచ్చాక రెండుచోట్లా అవుననే మీట నొక్కింది. కాల్స్ కి అనుమతి ఇవ్వమంటావా అంటే ఇచ్చింది. మేష్టారికి ఫోన్ చేశారు.

"హలో, హలో నాగూర్ గారూ!" స్పీకర్లోంచి మేష్టారి గొంతు కారంతా మోగింది.

"ఆయ్! వినపడుతోందాండీ?"

"హలో... ఇదిగో, ఏమీ లేదమ్మాయ్. చెరువులో చేప నోరు తెరిచి మూసినట్టుంది."

తర్వాత బ్లూటూత్ ఆపేసి, ఫోను నాన్న చెవికే పెట్టి చేయించింది. మేష్టారికి చక్కగా వినపడింది. అంటే ఫోనుది తప్పు కాదు. మళ్ళీ కారుకి కలిపి, ఈసారి గట్టిగా అరవమంది. నాగూర్ కిటికీలెత్తి, మసీదు మైకు పాడైన రోజు ఊళ్ళోవాళ్ళని పిలిచినట్టు అరిచాడు.

"ఏదో కొంచెం వస్తోందమ్మాయ్," అన్నారు మేష్టారు. "బావిలో పడ్డవాడు కేకేస్తున్నట్టు."

కొంచెం వస్తోందంటే దారి తెగిపోలేదు, మూసుకుపోయింది. మాట లోపలికి వెళ్ళే చోటు ఎక్కడో కనుక్కోవాలి. నజ్నీన్ డాష్ బోర్డు సొరుగులో వెతికింది. పెట్రోలు రసీదుల అడుగున కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అందులో సగం మాటలు ఆ పిల్లకి తెలియవు, బొమ్మలు తెలుసు. ఒక బొమ్మలో ముందు అద్దానికి పైన, లైటు పక్కన చిన్న జల్లెడలాంటి గళ్ళకి బాణం గుర్తు వేసి ఉంది. తలెత్తి చూసింది. అక్కడ గళ్ళు లేవు. దెబ్బ తగిలితే వేసుకునే ప్లాస్టరు అంటించి ఉంది.

"ఇదెప్పుడు వేశారు నాన్నా?"

"నేనెయ్యలేదే. ఏదో పగిలిందనుకున్నాను."

గోటితో ప్లాస్టరు లాగితే వెనక గళ్ళలో కుక్కిన దూది కనిపించింది. పిన్నీసుతో దూది బయటికి తీస్తూంటే అత్తరు ఘాటుకి ఇద్దరికీ తుమ్ములొచ్చాయి.

చప్పుడు విని గేటు దాకా వచ్చిన షంషున్నీసా, కూతురు వేళ్ళ మధ్య దూది చూసి నిలబడిపోయింది. ఆమె మొహం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"అది... అది నేనే పెట్టానండీ," అంది. "గాలొచ్చే చిల్లులనుకున్నాను. అక్కణ్ణుంచి కారంతా వాసన పరుచుకుంటుందని."

"ఎప్పుడు పెట్టావు?" అన్నాడు నాగూర్.

ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "పిల్ల వెళ్ళే ముందురోజు రాత్రి. ఎంత కోప్పడినా పొద్దున్నే మీరే దింపుతారనుకున్నాను. చేపల కంపుతో హాస్టల్లో దిగితే తోటిపిల్లలు నవ్వుతారని... సీట్లు కూడా తుడిచానండీ."

నాగూర్ ఖాళీగా ఉన్న వెనకసీటు వంక ఒకసారి చూసి, స్టీరింగు మీద చెయ్యి అటూ ఇటూ రాశాడు. "మంచి అత్తరే," అన్నాడు మెల్లగా. "నేను డిక్కీలో పెట్టావేమో అనుకున్నాను."

షంషున్నీసా కళ్ళు తుడుచుకుంటూ నవ్వబోయి, మాడువాసన తగిలి, "నా రొయ్యలు!" అంటూ లోపలికి పరిగెత్తింది.

మళ్ళీ మేష్టారికి చేశారు. నాగూర్ నెమ్మదిగా, "వినపడుతోందాండీ?" అన్నాడు.

"ఏవండీ, చెవిలో కూర్చుని మాటాడుతున్నారేంటండీ! ఊపిరి కూడా వినపడుతోంది. బతికించావమ్మాయ్. ఇప్పుడే మా ఆవిడకి చెప్పాలి, లోపం నాలో లేదని."

మేష్టారు వచ్చి ఫోను ఇచ్చేసి, టీ కూడా తాగకుండా ఆ వార్త మోసుకుని ఇంటికి వెళ్ళిపోయారు. నజ్నీన్ అమ్మ ఫోను చూసింది. టిక్కు ఇంకా ఒకటే. సమయం ఆరవడానికి మూడు నిమిషాలు తక్కువ.

నాగూర్ తాళం తిప్పి కారు ఆపబోయాడు.

"ఆపకండి నాన్నా."

"ఎందుకమ్మా? బాగయిపోయిందిగా."

నజ్నీన్ కి అక్క పెట్టిన ఒట్టు అడ్డొచ్చింది. తలుపు తీసి, కాలొకటి బయట పెట్టి, లేవకుండా అలాగే కూర్చుంది. నాగూర్ వింతగా చూశాడు.

కారు తెర వెలిగింది. గంట మోగింది. తెర మీద షాయిస్తా పేరు.

నాగూర్ చెయ్యి ముందుకు వెళ్ళి ఆగిపోయింది. "వద్దులేమ్మా," అన్నాడు. "రోజూ ఇంతే. ఎత్తుతాను. నా గొంతు వినగానే టక్కున పెట్టేస్తాది. రోజూ ఒకటే మాట అడుగుతున్నాను, దానికి కూడా జవాబు లేదు. నేనంటే అంత రోత పుట్టింది దానికి. కోపం చల్లారాక చూద్దాం."

మూడో గంట. నాలుగో గంట.

"నాన్నా!" అంది నజ్నీన్. అంత గట్టిగా తన గొంతు తనే ఎప్పుడూ వినలేదు. "అక్కకి వినపడలేదు. పదిరోజులూ మీ మాట ఒక్కటి కూడా వినపడలేదు. ఎత్తి ఊరుకుంటున్నారనుకుంటోంది. ఇవాళ మీరు మాటాడకపోతే ఇంక చెయ్యదు. చెప్పొద్దని ఒట్టు పెట్టింది. అయినా చెప్పేస్తున్నాను."

నాగూర్ కూతురి వంక చూశాడు. పైన శుభ్రంగా తెరుచుకున్న ఆ చిన్న గళ్ళ వంక చూశాడు. గంట ఆగిపోయే లోపల మీట నొక్కాడు.

"నాన్నా," అంది షాయిస్తా. వెనక ఆడపిల్లల అలికిడి, ఎక్కడో గిన్నెల చప్పుడు. గొంతు గట్టిగా పెట్టుకుని, కంఠతా పట్టిన పాఠంలా మొదలెట్టింది. "మీరు మాటాడరని నాకు తెలుసు. నేనే చెప్పేసి పెట్టేస్తాను. హాస్టల్ కి వచ్చింది మీమీద కోపంతో కాదు. ఇంట్లో ఉండలేక కాదు. ఇంక విసిగించను. మీ ఆరోగ్యం..."

నాగూర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. పదిరోజులు గొంతు ఉండి వినపడలేదు, ఇప్పుడు వినపడే వేళకి గొంతు లేదు. నజ్నీన్ ఆయన్ని మోచేత్తో పొడిచింది, బళ్ళో పక్కపిల్లని పొడిచినట్టు.

"...జాగ్రత్త. ఉంటాను నాన్నా."

"ఆ రోజు రైల్లో," అన్నాడు నాగూర్. "సీటు దొరికిందామ్మా?"

అవతల అలికిడంతా ఆగిపోయినట్టయింది.

"నాన్నా? మీరేనా?"

"నేనేనమ్మా. పెట్టె పట్టుకుని నిలబడే వెళ్ళావా? ఎవరన్నా చోటిచ్చారా? రోజూ అదే అడుగుతున్నాను. నీకు వినపడట్లేదంట. ఇప్పుడే తెలిసింది. చెల్లి చెప్పింది."

షాయిస్తా ఏడుపు పెద్దగా, కారు నాలుగు స్పీకర్లలోంచీ ఒక్కసారి వచ్చింది. తీసున్న తలుపులోంచి వీధిలోకి పోయింది. ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఆవిడ చెయ్యాపి ఇటు చూసింది.

"నిలబడే వెళ్ళాను నాన్నా," అంది షాయిస్తా వెక్కుతూ. "భీమడోలు దాకా నిలబడే..."

నాగూర్ మొహం చేత్తో కప్పుకున్నాడు. ఆ చెయ్యి తీయకుండానే, రెండో చేత్తో నజ్నీన్ భుజం మీద మెత్తగా తట్టి, దిగమన్నట్టు తోశాడు.

నజ్నీన్ దిగింది. నాగూర్ పక్కసీటు మీదుగా వంగి, తలుపు దగ్గరికి లాక్కుని మూసేశాడు.