రెండు మైకుల పెట్టె

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, సినిమాలు ఏళ్ల తరబడి వెక్కిరించిన మా తెలంగాణ మాటను ఇంటర్నెట్‌కు ఎక్కించే బాధ్యత నా భుజాన నేనే వేసుకున్నాను. ఎవరూ అడగలేదు. పాడ్‌కాస్ట్ అంటే రేడియో లాంటిదే, ఎప్పుడంటే అప్పుడు వినొచ్చని స్టేషన్ ఘన్‌పూర్‌లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాను.

మొదటి భాగంలో మాట్లాడాల్సింది సారక్క అవ్వ. కూలికి పోయే మనిషి. దీక్షా శిబిరంలో ఆమె నోరు తెరిస్తే ఆటో ఎక్కబోయేవాళ్లు కూడా ఆగేవారు. రిలే దీక్షలో ఆమె వంతు శుక్రవారం.

"గా ఒక్కదినమే కూసుంట. మల్ల పత్తి ఏరవోత, నీకు దొరక" అంది.

నా చేతిలో పది రోజులు. తొమ్మిది మైకు ఎంచుకోవడానికే పోయాయి. యూఎస్‌బీ మైకైతే ఒక్కటే, నేరుగా ల్యాప్‌టాప్‌కు గుచ్చేయడమే. ఆడియో ఇంటర్‌ఫేస్ అంటే మధ్యలో ఒక పెట్టె. దానికి రెండు మైకులు తగిలించి ఎవరి గొంతు వాళ్లకు విడిగా రికార్డు చేసుకోవచ్చు. లాభనష్టాలు పట్టిక గీసి, ధర్నాలకు మైక్‌సెట్ కిరాయికిచ్చే హరిలాల్‌కు చూపించాను.

"ఒక్క మైకు సాలదా తమ్మీ? ఒక్క మైకుతోటి ఊరంత ధర్నా నడిపిస్తున్న."

"పెట్టె ఉంటే అవ్వ గొంతు అవ్వది, నా గొంతు నాదన్నా."

"నీదెందుకే?"

చదువు తక్కువవాడు కదా అని క్షమించి, పెట్టే కొన్నాను.

శుక్రవారం శిబిరంలో అవ్వ ముందొక మైకు, నా ముందొకటి పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని మొదలుపెట్టాను.

"శ్రోతలందరికీ నమస్కారమండీ. సారక్కగారూ, మీ అనుభవాలను మాతో పంచుకుంటారా?"

పెట్టె పనితనం గొప్పది. చిన్నప్పటి నుంచి విన్న రేడియో అంతా గరగర లేకుండా నా నోట్లోంచి బయటికొచ్చింది.

అవ్వ అటూ ఇటూ చూసింది. "ఎవలతోటి మాట్లాడుతున్నవ్ కొడుకా? పొద్దుగాల్ల బర్రెను కొట్టుకపోంగ మంచిగనే మాట్లాడితివి గద!"

చెమట తుడుచుకుని మళ్లీ ప్రయత్నించాను. "అవ్వా... మీరు ఉద్యమంలోకి ఎలా వచ్చారు?"

"ఎలాగంట! మా పోరగాండ్లు బళ్లె మాట్లాడితే నవ్విరి. సినిమాల మాట్లాడిచ్చి నవ్విరి. నువ్వు మనదాని కోసం మైకు తెచ్చి, గా మైకును జూసి నువ్వే సిగ్గువడితివి. నేనెందుకు ఉపాసమున్నట్టు మరి?"

అక్కడి నుంచి నలభై నిమిషాలు నా అవసరం ఆమెకు పడలేదు.

ఇంటికొచ్చి నా గొంతు మొత్తం చెరిపేశాను. విడివిడిగా ఉంది కదా! వింటే, నేనింకా ఉన్నాను. పక్కపక్కనే కూర్చుంటే ఆమె మైకులోకీ నేను దూరతానన్న సంగతి నా పట్టికలో లేదు. నన్ను కోయాలంటే ఆమె తిట్టు కోయాలి. ఆ తిట్టు కోస్తే ఆమె మాటకు తలకాయ ఉండదు. ఒకపూటంతా కూర్చుని, చివరికి ముట్టుకోకుండా ఇంటర్నెట్‌లో పెట్టేశాను.

మూడోరోజు భూపాలపల్లి నుంచి సమ్మెలో ఉన్న గని కార్మికుడు పోశాలన్న ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాను, హరిలాల్ నా పక్కనే ఉన్నాడు.

"తమ్మీ, అందరం కూసోని విన్నం. పాణం లేచొచ్చింది! అవ్వ గా పరాయోని దుమ్ము దులిపింది పో! ఏడికెల్లి పట్టుకొచ్చినవ్ వాన్ని?"

హరిలాల్ తువ్వాల నోట్లో కుక్కుకున్నాడు.

"బెజవాడ దిక్కుకెల్లి వచ్చిండన్నా," అన్నాను. "పాపం, జర అమాయకుడు."